చివరి వరసలో చివరి బల్ల

ఇంటి నుంచి, కుట్టుమిషను పక్కన కూర్చుని

బంగారు తల్లికి,

నిన్ను జాతర మొత్తానికి పెద్దను చేశారు! ఇది నువ్వే రాసిన సంగతి, అయినా నా చేత్తో ఒకసారి రాసుకుంటే తప్ప నాకు నమ్మకం కుదరడం లేదు. ఫోన్లో చెప్పి ఉంటే నా చెవికి సగమే అందేది. ఉత్తరం రాసి మంచిపని చేశావు. ఇప్పటికే చదివి చదివి మడత దగ్గర చిరుగు పట్టింది. "ఆ కాగితాన్ని కాస్త ఊపిరి తీసుకోనివ్వండి" అని మీ అమ్మ గోల.

కన్వెన్షన్ అనే మాట నాకు నోరు తిరగదు. జాతర అనే రాస్తాను, కోప్పడకు. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ కలిపి ఇంత పెద్ద బొమ్మల కథల జాతర, పుస్తకాలు అమ్మేవాళ్లు, బొమ్మలు గీసేవాళ్లు, వేషాలు కట్టేవాళ్లు, వేలకు వేల జనం. వాళ్లందరికీ ఎక్కడ కూర్చోవాలో, ఎటు నడవాలో నా కూతురు చెప్పడం! మన కుట్టు షాపులో, బట్టలు సరిచేసేదాకా పిల్లలు అల్లరి చెయ్యకూడదని నేను కొని పడేసిన గొడుగు దొర బొమ్మల పుస్తకాలు నీకు గుర్తున్నాయా? బల్ల కింద గుడ్డముక్కల మీద బోర్లా పడుకుని వాటితోనే నువ్వు చదవడం నేర్చుకున్నావు. దొర గొడుగు తెరిచి మేడ మీంచి దూకాడని నువ్వూ నా గొడుగుతో మెట్ల మీంచి దూకావు. మోచెయ్యి చెక్కుకుపోయింది, గొడుగు ఊచ విరిగింది. నేను గొడుగు కోసమే ఏడ్చానని మీ అమ్మ ఇప్పటికీ అంటుంది. అబద్ధం.

ఇక ఉత్తరం చివర చిన్న అక్షరాలతో రాశావే, ఆ సంగతి. గొడుగు దొరను గీసిన ఆ బొమ్మలాయనే వస్తున్నాడా! ఇన్నేళ్లుగా మనిషి ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు కదా! పేరు చెప్పుకోకుండా మామూలు మనిషిలా వచ్చి కూర్చుంటాడా! ఎవరికీ చెప్పొద్దని నాలుగుసార్లు గీత గీశావు. ఒట్టు తల్లీ. నా నోటికి కాజా కుట్టేశాననుకో. "కాజా అంటే గుండీ దూరే చిల్లేగా" అంది మీ అమ్మ. ఆమె మాటలు పట్టించుకోకు.

నీ పదవి సంగతి మాత్రం అందరికీ చెప్పేశాను. ముందు మీ పెద్దత్తకు, తర్వాత మీ బాబాయికి, ఆ తర్వాత మీ పిన్నికి. మన ఇళ్లల్లో శుభవార్త వయసు వరసన వెళ్లాలి కదా. వరస తప్పితే శుభం పోయి చివరికి పోట్లాట మిగులుతుంది.

నీ పనివాళ్లకు కోట్లు కావాలంటే కొలతలు పంపు. కళ్లజోడు మార్పించాను, సూదిలోకి దారం ఇట్టే ఎక్కుతోంది.

నీ నాన్న

*

జాతర ఆఫీసు, మెట్ల కింది గది

నాన్నకు,

నీ ఉత్తరం చదువుతుంటే పిచ్చుక నా భుజం మీంచి తొంగిచూసి, "అక్కా, మీ నాన్నగారిని గుమ్మంలో నిలబెడదాం, మైకు ఖర్చు తప్పుతుంది" అంది. పిచ్చుక అంటే మా వాలంటీర్లందరినీ చూసుకునే అమ్మాయి. పగలు పుస్తకాల షాపులో పనిచేస్తుంది, సాయంత్రం ఇక్కడికొస్తుంది. ఒకచోట కుదురుగా నిలవదు, అందుకే ఆ పేరు. అందరి కొలతలూ తనే తీసి పంపుతోంది. చేతుల్లేని నీలం కోట్లు చాలు.

ఇక్కడ నేలంతా సుద్దతో గళ్లు గీశాం. ఒక్కో గడి ఒక్కో బల్ల. అచ్చువేసేవాళ్లకు తలుపు దగ్గర కావాలి. పాత సంచికలు అమ్మేవాళ్ల మీద ఎండ పడకూడదు. వేషాలవాళ్లకు రెక్కలు పట్టేంత దారి కావాలి. పోయినసారి ఒకాయన రెక్క ఇంకొకాయన టీలో మునిగిందట, ఇద్దరూ ఈసారి ఎదురెదురు మూలలు అడిగారు. కత్తులూ గదలూ అట్టవేనా కాదా అని నొక్కిచూసి పంపడానికి గుమ్మంలో ఒక బల్ల. పోట్లాటలన్నీ ఆ బల్ల దగ్గరే.

బొమ్మలాయన ఇంటికి వెళ్లొచ్చాను. టీ కప్పును సాసరుతో సహా రెండు చేతులతో పట్టుకున్నారు. అయినా చప్పుడు ఆగలేదు. "గీత వంకర పోతోందమ్మా. కొత్తగా గీసే పిల్లల మధ్య ఒక బల్ల వెయ్యి. ఎవరొచ్చి అడిగితే వాళ్లకు బొమ్మ వేస్తాను. నేనెవరో తెలియనివాళ్లు నవ్వుకుని పోతారు, ఫరవాలేదు. తెలిసినవాళ్లు జాలిపడతారు. అది నావల్ల కాదు. నాకోసమని ఒక్కరు వచ్చి నిలబడినా గుమ్మం నుంచే వెనక్కి పోతాను" అన్నారు.

చివరి వరసలో, మంచినీళ్ల పంపు పక్కన, చివరి బల్ల ఆయనకిచ్చాం. పేరు చీటీ ఉండదు. ఈ సంగతి నాకూ, బల్లలు చూసే పిచ్చుకకూ, నీకూ తప్ప ఎవరికీ తెలియదు. కమిటీకి కూడా చెప్పలేదు. నాన్నా, నాకు పదవి కంటే ఇదే ఎక్కువ. ఆయన చేత మళ్లీ పెన్సిలు పట్టించానన్న తృప్తి ఒక్కటి చాలు. అమ్మకు కూడా చెప్పకు.

నీ చిన్ని

*

ఇంటి నుంచి, ఇస్త్రీ బల్ల మీద

బంగారు తల్లికి,

కోట్లు తయారు! ఒక్కదానికీ వంక పెట్టలేవు. పిచ్చుక పిల్ల తన కొలత కింద "తాతగారూ, నా చేతులెప్పుడూ ఖాళీగా ఉండవు" అని రాసి పంపింది. అందుకని ఆమె కోటుకు లోపల ఇంకో జేబు పెట్టాను. ఇంకెవరికీ పెట్టలేదు, చెప్పకు, మళ్లీ వాళ్లు అలుగుతారు. గుండీలు మాత్రం అన్నిటికీ గట్టిగా బిగించాను. జనంలో తోపులాటకు ఊడిపోకూడదు కదా.

ఆ సంగతి మీ అమ్మకు చెప్పావా అని అడగకు. ఆలుమగలు ఒకే తానులో గుడ్డ, ఎక్కడని కత్తిరించను? ఆమె విని "మీ నోట్లో నువ్వుగింజ నానదని పిల్లకు తెలియదా, ఎందుకు రాసింది మీకు" అని నన్ను కాక నిన్ను తిట్టింది. నువ్వు నిశ్చింతగా ఉండు.

ఇంకొక సంతోషం. జాతరకు మేమిద్దరమే కాదు, మీ పెద్దత్త, బాబాయి, పిన్ని, ఆవిడ కొడుకు, అందరం వ్యాను మాట్లాడుకుని వస్తున్నాం. మీ పెద్దత్తకు బొమ్మల కథలంటే ఇంత ఇష్టమని నాకిన్నాళ్లూ తెలియనే తెలియదు. కొత్త బట్టలు కూడా కుట్టించుకుంటోంది, నా దగ్గరే, తొందరపెట్టి మరీ. మీ మేనమామకు మోకాళ్ల నొప్పులని ఆయనకు చెప్పలేదు. జాతర సంగతే అంటున్నాను.

నీ నాన్న

*

జాతర ఆఫీసు

నాన్నకు,

జాతర నుంచి తిరుగు వ్యాను ఎక్కేముందు నువ్వు నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. అందరి ముందూ ఏడుస్తానేమోనని.

నువ్వు హాల్లో ఉన్నావు కాబట్టి గొడుగులు చూశావు. వాన లేదు, ఎండ లేదు, పైన రేకుల కప్పు. తలుపులు తీసిన కాసేపటికే చివరి వరస నిండా గొడుగులు. అందరూ ప్రేమతోనే తెచ్చారు, అదే నా బాధ. పక్క బల్లల దగ్గర కొత్త పిల్లలు తమ బొమ్మలు తడబడుతూ ఎత్తి పట్టుకున్నారు, ఎవరూ చూడలేదు. ఎవర్ని అడిగినా ఫోను తీసి ఒకటే చూపించారు: గొడుగు దొరను గీసినాయన వస్తున్నాడు, చివరి వరస, నీళ్ల పంపు పక్కన, చివరి బల్ల, చెయ్యి వణుకుతుందట పాపం, అందరం వెళ్లి చప్పట్లు కొడదాం.

నువ్వు చూడంది చెబుతాను. వెనక గుమ్మం దగ్గరికి పరిగెత్తేసరికి ఆయన కారు దిగి నిలబడి ఉన్నారు. చంకలో కాగితాల అట్ట. తలుపు సందులోంచి గొడుగులు కనిపించాయి. ఆయన కోప్పడలేదు నాన్నా. "చెయ్యి వణుకుతుందని కూడా చెప్పావా అమ్మా?" అని అడిగారంతే. నేను కాదని చెప్పేలోపు కారు తలుపు వేసుకున్నారు. అది సరిగ్గా పడలేదు. నేనే గట్టిగా వేశాను.

ఆ మంట మీద లోపలికొచ్చి నిన్ను అడిగాను, "నువ్వెవరికైనా చెప్పావా" అని. "ఛ ఛ" అన్నావు. ఇక మిగిలింది పిచ్చుకే కదా. "నేను కాదక్కా" అంది. "నువ్వు కాకపోతే గాలి చెప్పిందా" అన్నాను, అందరి ముందు, గొంతు పెంచి. ఇక ఈ హాల్లో కనిపించొద్దన్నాను.

జాతర బాగానే జరిగిందని కమిటీ చప్పట్లు కొట్టింది. జనం పోయినేడాది కంటే ఎక్కువే. నేను చేసింది సరైనదేనా నాన్నా? ఒక్క మాట రాయి.

నీ చిన్ని

*

ఇంటి నుంచి

అమ్మా,

సరైనది కాదు. చెప్పింది నేను.

ఈ మాట ఎక్కడో మధ్యలో రాద్దామని మూడు కాగితాలు పాడుచేశాను. మీ అమ్మ చూసి, "నెత్తిన రాసి, తర్వాత ఏడవండి" అంది. అందుకని నెత్తినే రాశాను.

నీ పదవి సంగతి చెప్పినప్పుడు మీ పెద్దత్త "ఓహో, బొమ్మల పుస్తకాలదా" అని చప్పరించేసింది. మీ బాబాయి "జీతమేమైనా ఉంటుందా" అన్నాడు. ఆ చప్పరింత నాకు గుచ్చుకుంది. నా కూతురు ఇంత పెద్దదైతే వీళ్ల కళ్లకు ఆనదేమని. అందుకని బొమ్మలాయన పేరెత్తాను. పెద్దత్త లేచి కూర్చుంది. అబ్బ, ఆ లేవడం చూడాల్సింది నువ్వు! ఇక నేనాగలేదు. నీ రెండో ఉత్తరం వచ్చాక వరస, బల్ల, చెయ్యి, అన్నీ చెప్పాను. రహస్యమని చెప్పే చెప్పాను, ఒక్కొక్కరికీ విడిగా, చెవిలో. పెద్దత్తకు చెప్పి బాబాయికి చెప్పకపోతే వరస తప్పుతుంది. బాబాయికి చెప్పి పిన్నికి చెప్పకపోతే పిన్ని ఊరుకోదు. పిన్ని కొడుకు చాటు నుంచి విని ఫోన్లో పెట్టాడు. వాడు కూడా మంచికే పెట్టాడు. అందరం మంచికే చేశాం, అందులో ఒక్కరం కూడా నోరు మూసుకోలేదు.

నువ్వు వచ్చి అడిగినప్పుడు పెద్దత్త నా పక్కనే ఉంది. నా వంక చూసింది. నేను నీళ్ల పంపు వంక చూశాను. ఛ ఛ అన్నాను. నిజం చెబితే అంతమంది ముందు "మీ నాన్నా?" అని నిన్ను వేలెత్తి చూపిస్తారని భయపడ్డాను అని రాద్దామనుకున్నాను. అదీ అబద్ధమే. నన్ను చూపిస్తారని భయపడ్డాను.

ఇంకొకటుంది. నువ్వు చూడలేదు, తిరిగి వెళ్లిపోయావు. ఆ పిల్ల కోటు విప్పబోయింది. నేను బిగించిన గుండీలు, ఆమె చేతికి విడలేదు. నేను దగ్గరికి వెళ్లి విప్పి పెట్టాను తల్లీ. సాయం చేశాను. "థాంక్స్ తాతగారూ, జేబు బాగా పనికొచ్చింది" అని, కోటు మడతపెట్టి నా చేతుల్లోనే పెట్టి వెళ్లింది.

నన్ను తిట్టు. వరస చూడకుండా తిట్టు.

నాన్న

*

జాతర ఆఫీసు, ఇంకా మెట్ల కింది గదే

నాన్నకు,

వెంటనే జవాబు రాసి ఉంటే నువ్వు చదవలేకపోయేవాడివి. అందుకే ఇన్నాళ్లు ఆగాను. అప్పటి కోపం ఇప్పుడు లేదని కాదు. గుండీల సంగతి చదివి కాగితం బల్ల మీద బోర్లించి బయటికి పోయాను.

పిచ్చుక వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ గుమ్మం దాటి నన్ను రానివ్వలేదు. "మా పిల్ల మాట జారే మనిషి కాదమ్మా. పుస్తకాల షాపులో అందరూ దాన్ని చూసి గొడుగు గొడుగు అని నవ్వుతున్నారు. పనికి పోనంటోంది" అంది. వెనక నుంచి పిచ్చుక వచ్చింది. తప్పయిందన్నాను. "తిట్టినందుకు కాదక్కా," అంది, "ఒక్కసారి పక్కకు పిలిచి అడగలేదే." "మరి చెప్పిందెవరు?" అని తనే అడిగితే, "నేనే" అన్నాను.

నిన్ను కాయడానికి కాదు నాన్నా. నిజంగానే నేను. నీ నోటి సంగతి చిన్నప్పట్నుంచీ తెలుసు. తెలిసీ ఎందుకు రాశాను? నువ్వు ఎగిరి గంతేస్తావని. పెద్దత్త చప్పరిస్తుందని నాకు తెలియదా? తెలుసు. నువ్వు చెప్పేస్తావనీ, ఎవరో ఒకరు "ఔనా!" అంటారనీ లోపలెక్కడో ఆశపడే రాశాను. ఆయన సిగ్గును నా గొప్పకు వాడుకున్నాను.

కమిటీకి అంతా చెప్పి తప్పుకున్నాను. ఆ కుర్చీ పిచ్చుకకివ్వమని అడిగాను, ఒప్పుకున్నారు. ఆమె ఒప్పుకోవడానికి మాత్రం నేను మూడుసార్లు ఆ గుమ్మానికి వెళ్లాల్సొచ్చింది. వచ్చే జాతరలో నేను గుమ్మంలో కత్తులు నొక్కిచూసే బల్ల దగ్గర పనిచేస్తాను.

బొమ్మలాయన్నూ చూశాను. తలుపు తీశారు, కూర్చోమన్నారు, జరిగిందంతా విన్నారు. చెయ్యి జేబులోంచి తియ్యలేదు. టీ వాళ్లావిడ తెచ్చింది, నాకొక్కదానికే. "మీ నాన్నగారికి సంతోషం ఎక్కువ. అది తప్పు కాదు. నేను మాత్రం ఇక రానమ్మా" అన్నారు.

ఒక్కటి అడుగుతాను. నేను తప్పుకున్నానని మనవాళ్లెవరికీ చెప్పకు. అలసిపోయి విశ్రాంతి తీసుకుంటోందని చెప్పు. నేను వాళ్ల కళ్లముందు చిన్నబోవడం నువ్వు చూడలేవు. నేనూ చూడలేను.

నీ చిన్ని

*

ఇంటి నుంచి, ముందు గదిలో

బంగారు తల్లికి,

పిచ్చుకను పెద్దను చేశావు! నీ కుర్చీలో నువ్వే కూర్చోబెట్టావు! ఒకే గుమ్మానికి మూడుసార్లు వెళ్లావు! ఇది కూడా నా చేత్తో రాసుకుంటేనే నమ్మకం కుదురుతోంది. నిన్ను జాతరకు పెద్దను చేసినప్పుడు వీధిలోకి వెళ్లి అరవాలనిపించింది. ఇప్పుడు మాత్రం లోపలికి వెళ్లి కాసేపు గోడవైపు తిరిగి కూర్చున్నాను. ఇదీ సంతోషమే తల్లీ, కాకపోతే దీనికి గొంతు లేదు.

కానీ నువ్వు అడిగింది నేను చెయ్యను.

నిన్న మనవాళ్లంతా ఇంటికొచ్చారు. మాటల్లో జాతర వచ్చింది. మీ పెద్దత్త, "ఆ పిల్లెవరో కడుపులో కత్తులు పెట్టుకుని మన అమ్మాయి పరువు తీసింది, దాని నోరు పడిపోను" అంది. మీ బాబాయి తలూపాడు. మీ పిన్ని కళ్లొత్తుకుంది. పిన్ని కొడుకు ఫోను చూసుకుంటూ "అలాంటివాళ్లను నమ్మకూడదు పెద్దనాన్నా" అన్నాడు. ఒక్కరికీ తట్టలేదు. చెవులు వాళ్లవే, నోళ్లు వాళ్లవే, తిట్లు మాత్రం ఆ పిల్లకు. నేను టీ కప్పులు తీస్తున్నాను. నన్ను చూసి కూడా ఎవరికీ తట్టలేదు. మీ అమ్మ ఒక్కతే నా వంక చూసింది. ఆమె ఏమీ అనలేదు. జన్మలో మొదటిసారి.

నీ పరువు కాపాడతానని ఆ పిల్లను ఇంకా ఎన్నాళ్లు తిట్టనివ్వను? నువ్వు చిన్నబోతావని భయపడకు. నువ్వు చిన్నబోయేది నేను నోరు మూసుకున్నచోట. మూసుకోవాల్సినప్పుడు తెరిచాను, తెరవాల్సినప్పుడు ఛ ఛ అన్నాను. ఇప్పుడైనా సరిగ్గా తెరుస్తాను. ఈసారి చెవిలో చెప్పను. గొంతెత్తి, రహస్యం కాదని చెప్పి చెబుతాను.

చెప్పాల్సినవాళ్లను రాస్తున్నాను. ఎవరైనా తప్పిపోతే గుర్తుచెయ్యి.

మీ పెద్దత్త. ముందు కోప్పడుతుంది, తర్వాత తనకెందుకు చెప్పావని నన్నే అడుగుతుంది. అడగనీ, జవాబుంది: "నువ్వు లేచి కూర్చోవాలని" అంటాను.

మీ బాబాయి. విని ఊరుకుంటాడు. ఊరుకోనివ్వను. తను ఎవరికి చెప్పాడో అడుగుతాను.

మీ పిన్ని. ఏడుస్తుంది. ఏడ్చేదాకా ఉండి, నీళ్లిచ్చి వస్తాను.

పిన్ని కొడుకు. ఫోన్లో పెట్టినవాడే ఫోన్లో పెట్టాలి, పిచ్చుక కాదని. పెట్టేదాకా పక్కనే కూర్చుంటాను.

మీ మేనమామ. పోయినసారి తనకు చెప్పలేదని అలిగాడు, ఈసారి ఇలాంటిదే చెబుతావా అని అలుగుతాడు. అయినా చెప్పాలి, ఆయన కూడా ఆ పిల్లను తిడుతున్నాడట.

బొమ్మలాయన. ఆయనకు చెప్పేది లేదు, ఆయనకు తెలుసు. ఆ ఇంటి వైపు నేను వెళ్లను. వెళితే నా సిగ్గు తీరుతుంది కానీ ఆయన మళ్లీ చెయ్యి జేబులో పెట్టుకోవాలి.

పిచ్చుక వాళ్లమ్మ. ఆవిడ మనకు ఏ వరసా కాదు, చిన్నో పెద్దో కూడా తెలియదు. అయినా ముందు అక్కడికే. రేపు పొద్దున బస్సుకు వస్తున్నాను, ఒక్కణ్నే. లోపలికి రానివ్వకపోతే గుమ్మంలోనే నిలబడి చెబుతాను.

నీ నాన్న